చైనీస్ భోజనానికి ఎనిమిది మంది, బిల్లుకు ఒక్కరే

ప్రశ్న: వచ్చే ఆదివారం మా మామగారికి డెబ్బై ఏళ్లు నిండుతాయి. ఆయనకు చైనీస్ భోజనమంటే ప్రాణం. ఆయన, అత్తగారు, మేమిద్దరం, మా ఆడపడుచు, ఆమె భర్త, పదేళ్లూ ఆరేళ్లూ ఉన్న పిల్లలిద్దరు, మొత్తం ఎనిమిది మందిమి మధ్యాహ్నం బయట భోంచేద్దామనుకుంటున్నాం. అత్తగారు శాకాహారి. మామగారికి కట్టుడు పళ్లు, పైగా రక్తపోటు. పిల్లలు కారం ముట్టరు. పోయిన ఏడాది ఇలాగే వెళ్లి తలా ఒక ప్లేటు తెప్పించుకున్నాం. సగం మిగిలిపోయింది, బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి. ఈసారి డబ్బు కట్టేది మేమే. నగరంలో చవకగా, రుచిగా ఉండే చైనీస్ రెస్టారెంట్లను ఎలా వెతుక్కోవాలి? చవక చోట్ల టేస్టింగ్ సాల్ట్ (అజినొమోటో) కుమ్మరిస్తారని మా వారి భయం. అది నిజమేనా?
ఒక పాఠకురాలు

జవాబు: రెస్టారెంటు సంగతి తరువాత చూద్దాం. మీ ఉత్తరం చదువుతుంటే నా చూపు 'తలా ఒక ప్లేటు' అన్న మాట దగ్గర ఆగిపోయింది. డబ్బు పోయింది అక్కడే. అలా తెప్పించుకుంటే ఎంత చవక చోటికి వెళ్లినా బిల్లు బరువే. తెప్పించే పద్ధతి తెలిస్తే ఒక మోస్తరు ఖరీదైన చోట కూడా గట్టెక్కవచ్చు.

చైనీయుల భోజనం రెండు మాటల మీద నడుస్తుంది. 'ఫాన్' అంటే అన్నం. ఉత్తర చైనాలో గోధుమ వాడకం ఎక్కువ కాబట్టి నూడుల్స్, ఆవిరి మీద ఉడికించిన రొట్టెలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. 'త్సాయ్' అంటే అన్నంలోకి తినేది: కూర, వేపుడు, చేప, ఆకుకూర, ఏదైనా సరే. ఫాన్ ఎవరి గిన్నెలో వారికి, త్సాయ్ బల్ల నడుమ అందరికీ. గుండ్రటి బల్ల మీద తిరిగే పలక పెట్టేది అందుకే. వంటమనిషి పళ్లెం నింపేటప్పుడే దాన్ని ముగ్గురో నలుగురో పంచుకుంటారని లెక్క వేసుకుంటాడు. అంత పళ్లెం తెచ్చి మీ ఆడపడుచు ఒక్కరి ముందు పెడితే మిగలక ఏమవుతుంది?

ఎంత మంది కూర్చుంటే అన్ని వంటకాలు, అతిథులుంటే ఇంకొకటి అదనం అని చైనా కుటుంబాల్లో ఒక మోటు లెక్క ఉంది. అది విందు లెక్క. మధ్యాహ్నం పూట, అందులోనూ ఇద్దరు పిల్లలూ ఇద్దరు పెద్దవాళ్లూ ఉన్న బల్లకు నేనైతే రెండు తగ్గిస్తాను. మీ ఎనిమిది మందికి ఆరు వంటకాలు, ఒక పెద్ద గిన్నె సూపు, తెల్లన్నం. చాలకపోతే ఏడోది అప్పుడు చెప్పుకోవచ్చు. పెద్ద మంట మీద వేపుళ్లు చేసే వంటగది కాబట్టి ఎక్కువసేపు కాచుకోనక్కరలేదు. ముందే చెప్పి చేయించినదాన్ని మాత్రం వెనక్కి పంపలేరు.

తెల్లన్నం అని కావాలనే రాశాను. ఫ్రైడ్ రైస్ ఒకటి, నూడుల్స్ ఒకటి చెప్పి, వాటి మీద మళ్లీ అరడజను కూరలు చెప్పడం చాలామంది చేసే పని. ఫ్రైడ్ రైస్ అసలు మిగిలిన అన్నాన్ని పారేయకుండా చేసుకునే వంటకం. గుడ్డు, కూరగాయలు, ఉప్పు, నూనె అన్నీ అందులోనే ఉంటాయి. ఒంటరిగా వెళ్లినప్పుడు అదొక్కటే ఒక పూట భోజనం. దానిలో ఇంకో కూర కలుపుకుంటే రెండింటి రుచీ పోతుంది, కడుపు మాత్రం మూడో ముద్దకే నిండుతుంది.

ఇక చోటు వెతకడం. ఫోనులో 'చవక చైనీస్ రెస్టారెంటు' అని కొడితే ముందు కనిపించేవి ప్రకటనలే. ప్రాంతం పేరుతో వెతకండి. చైనా వంటలో ఎనిమిది ప్రాంతీయ సంప్రదాయాలు ప్రసిద్ధం. మీకు వాటిలో మూడు తెలిస్తే చాలు. కాంటొనీస్ అంటే దక్షిణాన గ్వాంగ్‌డోంగ్ వంట. ఆవిరి మీద ఉడికించేవి ఎక్కువ, కారం తక్కువ. మీ ఇంట్లో పిల్లలకూ పెద్దాయనకూ ఇదే సరైనది. సిచువాన్ వంటలో మిరపతో పాటు నాలుక మొద్దుబారేలా చేసే ఒక రకం మిరియం పడుతుంది. హునాన్ వంట కారంలో దానికేమీ తీసిపోదు. ఆ రెండూ ఇంకో రోజుకు ఉంచుకోండి. 'లాన్‌జౌ నూడుల్స్' అని బోర్డు కనిపిస్తే అవి చేతితో సాగదీసిన నూడుల్స్. కళ్ల ముందే చేస్తారు, చవకగానే దొరుకుతాయి. అయితే అవి గొడ్డు మాంసం రసంలో వచ్చే వంటకం, మీ అత్తగారికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు.

ఒకే ప్రాంతపు వంట చేసే చోటును నేను నమ్ముతాను. చైనీస్, థాయి, జపనీస్, కొరియన్ అన్నీ ఇరవై పేజీల మెనూలో కలిపి పెట్టిన చోట వంటమనిషి కన్నా ఫ్రీజరు ఎక్కువ పని చేస్తూ ఉంటుంది. మెనూ పొట్టిగా ఉంటే సరుకు త్వరగా తిరుగుతుంది, వృథా తగ్గుతుంది, ధర కూడా అదుపులో ఉంటుంది.

ఫోనులో రేటింగుగా ఇచ్చే నక్షత్రాల లెక్క కన్నా తిన్నవాళ్లు తీసి పెట్టిన ఫొటోలు చూడండి. పళ్లేల కన్నా వాటి వెనకాల కనిపించేవి ముఖ్యం. గుండ్రటి బల్లలు ఉన్నాయా, ముసలివాళ్లూ పిల్లలూ కనిపిస్తున్నారా, గోడ మీద చేత్తో రాసిన కాగితాలు అతికించి ఉన్నాయా? ఆ కాగితాల మీద ఉండేవి సాధారణంగా మెనూలో లేని ఆ రోజు వంటకాలు, ఆ కాలంలో వచ్చే కూరగాయలు. ఫోను కెమెరా వాటిని అనువదించి చూపిస్తుంది. అనువాదం అప్పుడప్పుడు నవ్వు తెప్పిస్తుంది గాని పని జరుగుతుంది. ప్రధాన రహదారి మీద గాజు తలుపులున్న చోటుకు కట్టే అద్దె మీ బిల్లులోనే ఉంటుందని మరచిపోవద్దు. అందుకే మేడ మీద ఉన్నవి, విశ్వవిద్యాలయాల వెనక సందుల్లో ఉన్నవి, చైనా వంటసరుకులు అమ్మే దుకాణాల పక్కన ఉన్నవి ముందు చూడండి.

ధరలు పోల్చేటప్పుడు బాతు ధరో రొయ్యల ధరో చూడకండి. తెల్లన్నం, వెల్లుల్లితో వేపిన ఆకుకూర, తోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది), ఈ మూడింటి ధర చూడండి. వీటికి వాడే సరుకు ఎక్కడైనా దాదాపు ఒకటే. ఎక్కువ తీసుకుంటున్నారంటే అది మీరు కూర్చున్న కుర్చీకి.

వీలైతే ముందు మీరిద్దరే ఒక మధ్యాహ్నం వెళ్లి ఆకుకూర వేపుడు తెప్పించి చూడండి. వంటగది సత్తా తెలుసుకోవడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష నాకు కనబడలేదు. ఆకు పచ్చగా నిగనిగలాడుతూ, కాడ కొరికితే కరకరమంటూ, పొగలు కక్కుతూ బల్ల మీదికి రావాలి. కాంటొనీస్‌లో దీనికి 'వాక్ హేయ్' అని ఒక మాట ఉంది, బాణలి ఊపిరి అని అర్థం. బాగా కాలిన బాణలిలో క్షణాల మీద తిప్పి దించితేనే ఆ కాలిన వాసన పడుతుంది. పళ్లెం అడుగున నీళ్లు చేరి ఆకు ముద్దగా ఉందంటే మంట చాలలేదన్నమాట, లేదా ఒకేసారి బాణలి నిండా పోశారన్నమాట. అలాంటి చోటు ఎంత చవకైనా ఎనిమిది మందిని తీసుకువెళ్లకండి.

మీ కథలో ఇంకో చిక్కు ఆదివారం. చాలా చోట్ల మధ్యాహ్నపు తగ్గింపు మెనూ పనిరోజులకే. బయట బోర్డు మీద పెద్ద అక్షరాల్లో తక్కువ ధర, అడుగున చిన్న అక్షరాల్లో 'సోమవారం నుంచి శుక్రవారం వరకు' అని ఉంటుంది. కాబట్టి ఫోను చేసి అడగండి. ఆదివారం మధ్యాహ్నం ఏ మెనూ ఇస్తారు? టీకి మనిషికింత అని వేస్తారా, సేవా రుసుము విడిగా ఉందా? ఎనిమిది మందికి గుండ్రటి బల్ల ఎన్నింటికి దొరుకుతుంది? పన్నెండు కొట్టకముందే కూర్చుంటే మంచిది. ఒంటి గంటకు వంటగది ఒత్తిడిలో ఉంటుంది, పిల్లలు ఆకలితో ఉంటారు. ఆకలితో ఉన్న పిల్లలు ముందుకు తోసేవన్నీ చిరుతిళ్లూ చల్లటి పానీయాలే. బిల్లు ఉబ్బేది వాటివల్లే. టీకి మనిషికింత అని ఎలాగూ తీసుకుంటుంటే టీయే తాగండి. కాంటొనీస్ చోట్ల కుండ ఖాళీ అయితే మూత కాస్త పక్కకు తెరిచి పెట్టండి, ఎవరినీ పిలవకుండానే వేడినీళ్లు పోసి వెళ్తారు.

ఆదివారం మధ్యాహ్నం కాంటొనీస్ అంటున్నాను కాబట్టి డిమ్ సమ్ గురించి చెప్పకపోతే మీరే అడుగుతారు. వెదురు బుట్టల్లో మూడేసి నాలుగేసి ముక్కలుగా వచ్చే ఆవిరి తినుబండారాలవి. ఆ భోజనాన్ని వాళ్లు 'యమ్ చా' అంటారు, టీ తాగడం అని అర్థం. మూత తీయగానే ఆవిరి ముఖానికి కొడుతుంది. లోపల రొయ్య గులాబీ రంగులో కనిపించేంత పలుచటి పొర. పిల్లలకు ఇది తిరునాళ్లే. బుట్టలను చిన్న, మధ్య, పెద్ద, ప్రత్యేకం అని తరగతులు చేసి ధర వేయడం మామూలు, ఆ తరగతి మెనూ మీద వంటకం పక్కనే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే ఒక్కో బుట్ట చవకే, బుట్టలు పెరుగుతున్నట్టు తెలియదు. మనిషికి రెండు మూడు చొప్పున పడుతుంది. నలుగురికైతే కళ్లు మూసుకుని వెళ్లమనేదాన్ని. ఎనిమిది మందికి, నాలుగు ముక్కల బుట్ట ప్రతిదీ రెండేసి చెప్పాల్సిన బల్లకు, అంత చవక కాదు. మనసు లాగితే పిల్లల కోసం రెండు మూడు బుట్టలు చెప్పి, మిగతా భోజనం అన్నం, కూరలతో కానివ్వండి.

'ఎంత తింటే అంత' అనే బఫేలు, బల్ల మీద ఉడికించుకునే హాట్‌పాట్ మీ కుటుంబానికి వద్దు. మనిషికింత అని కట్టాలి, అత్తగారూ పిల్లలూ అందులో పావు వంతు కూడా తినరు.

అయితే ఆ ఆరు వంటకాలు ఏమిటి? మామగారికి ఆవిరి గుడ్డు చెప్పండి. గిలక్కొట్టిన గుడ్డులో గోరువెచ్చని నీళ్లు కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు. గట్టి పెరుగులా వణుకుతూ వస్తుంది, నమలనక్కరలేదు, ధర కూడా మెనూలో అడుగునే ఉంటుంది. పిల్లలకు టమాటా గుడ్డు వేపుడు. చైనాలో ప్రతి ఇంట్లోనూ వండుకునేదే, కాస్త తియ్యగా ఉంటుంది, అన్నం గిన్నె తెలియకుండా ఖాళీ అవుతుంది. మాంసం ఒక్కటి చాలు, చికెన్ వేపుడు. చవక మాంసాన్ని సన్నగా కోసి, మొక్కజొన్న పిండి, గుడ్డు తెల్లసొన పట్టించి మెత్తబరచడం ఆ వంటలో పాత విద్య. ఆ ముక్క కట్టుడు పళ్లకు ఇబ్బంది పెట్టదు. అదే కాల్చిన బాతునైతే ఎముకతో సహా నరికి పెడతారు. చూడటానికి గొప్పగా ఉంటుంది, మామగారు మాత్రం చూస్తూ కూర్చోవాలి.

మిగిలిన మూడూ శాకాహారమే కానివ్వండి, అందరూ తింటారు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. పేరులో కూరగాయ ఉన్నంత మాత్రాన అది శాకాహారం కాదు. మాపో తోఫులో సంప్రదాయంగా గొడ్డు మాంసం కీమా పడుతుంది. సిచువాన్ పద్ధతిలో పొడిగా వేపిన చిక్కుడుకాయల్లో పంది కీమా వేయడం మామూలు. 'చేప సువాసన' అని పేరున్న వంకాయ కూరలో చేప ఉండదు గాని పంది కీమా తరచూ ఉంటుంది. ఆకుకూర మీద నిగనిగలాడే నల్లటి రసం చాలాసార్లు ఆయిస్టర్ సాస్, అంటే సముద్రపు ఆల్చిప్పల నుంచి తీసినది. పుల్లకారం సూపు వండేది మాంసం ఉడికిన నీళ్లతో కావచ్చు. 'మాంసం వద్దు' అంటే ముక్కలు ఏరి పెట్టే చోట్లున్నాయి. కాబట్టి మాంసం, చేప, గుడ్డు, ఆయిస్టర్ సాస్, మాంసపు రసం ఏవీ వద్దని విడివిడిగా ఫోనులో అనువదించి చూపించండి. గుడ్డు సంగతి మీరు రాయలేదు, అత్తగారు తినరనే అనుకుంటున్నాను. వెల్లుల్లితో ఆకుకూర, పుట్టగొడుగులతో తోఫు, కీమా లేకుండా వంకాయ, ఈ మూడూ ఆవిడకు నిశ్చింత. నగరంలో బౌద్ధ శాకాహార రెస్టారెంటు ఉంటే ఈ గొడవే లేదు. సంప్రదాయం పాటించే చోట ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కాకపోతే డెబ్బయ్యో పుట్టినరోజున చికెన్ లేదంటే మామగారు ఏమంటారో మీకే తెలియాలి.

టేస్టింగ్ సాల్ట్ గురించి మీ వారికి ఇది చదివి వినిపించండి. 1908లో టోక్యోలో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు రసం నుంచి ఈ రుచినిచ్చే పదార్థాన్ని వేరు చేశారు. అదే గుణం టమాటాలోనూ బాగా ముదిరిన చీజ్‌లోనూ సహజంగా ఉంది. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికకు ఒక డాక్టరు ఉత్తరం రాశారు, చైనీస్ రెస్టారెంటులో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని. కారణం సోయా సాస్ కావచ్చు, వంటలో వాడే మద్యం కావచ్చు, టేస్టింగ్ సాల్ట్ కావచ్చు అని ఆయన ఊహలు మాత్రమే చెప్పారు. లోకానికి చివరిదే గుర్తుండిపోయింది. ఆ తరువాత, ఏది తింటున్నారో తినేవారికీ పెట్టేవారికీ తెలియకుండా చేసిన పరీక్షల్లో అలాంటి ప్రభావం నిలకడగా కనబడలేదు. చవక చోటికీ ఖరీదు చోటికీ ఇందులో తేడా ఏమీ లేదు. మామగారి రక్తపోటుకు అసలు శత్రువు ఉప్పు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆయన పళ్లెంలోకి వెళ్లే వాటిలో సాస్ తగ్గించమని చెప్పండి, బల్ల మీద ఉన్న సోయా సాస్ సీసాను పిల్లల వైపు కాకుండా మీ వైపు జరుపుకోండి.

నేను చెప్పిన ఆరు వంటకాల్లో చేప లేదని గమనించే ఉంటారు. ఒకసారి నేనూ మా వాళ్లను పిలిచి గొప్పకు పోయాను. గాజు తొట్టిలో ఈదుతున్న చేపను చూపించి, అది కావాలన్నాను. మెనూలో దాని ఎదురుగా ధర లేదు, 'ఆ రోజు ధర' అని మాత్రం ఉంది. వడ్డించే అబ్బాయి వలలో ఎత్తి తెచ్చి చూపించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత తూగుతుందని అడగడానికి నాకు నోరు రాలేదు. బిల్లు వచ్చాక చూస్తే మిగతా వంటకాలన్నీ కలిపి ఒక ఎత్తు, ఆ చేప ఒక్కటీ ఒక ఎత్తు. తూకం మీద ధర కట్టే దేన్నయినా వంటగదిలోకి వెళ్లకముందే మొత్తం ఎంతవుతుందో చెప్పించుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు, అక్కడ అందరూ అడుగుతారు.

పుట్టినరోజు కాబట్టి బల్ల మీద గొప్పగా ఒకటి ఉండాలనిపిస్తే దానికి చేప అక్కరలేదు. పుట్టినరోజున చైనీయులు తినేది పొడవాటి నూడుల్స్. దీర్ఘాయుష్షు నూడుల్స్ అంటారు, పోగు ఎంత పొడవుంటే ఆయుష్షు అంత అని నమ్మకం. మెనూలో చవకైన వాటిలో ఇదొకటి. ఫోను చేసినప్పుడే పెద్దాయనకు డెబ్బై నిండుతున్నాయని చెప్పి, అది పెడతారా అని అడగండి. పెడతామంటే సూపు మానేసి ఆ డబ్బు దీనికి పెట్టండి, అప్పుడు తెల్లన్నం రెండు గిన్నెలు తగ్గించవచ్చు కూడా. మెత్తగా ఉడికించమని మాత్రం ముందే చెప్పాలి. పోగును కొరకకుండా, తుంచకుండా తినాలట, కట్టుడు పళ్లతో అదే సుఖం. పిల్లలకు వడ్డించేటప్పుడు కత్తెరతో కత్తిరించి పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ కత్తెర తాతగారి గిన్నె దాకా రాకుండా చూసే పని ఆరేళ్ల బిడ్డకు అప్పగించండి.